రెండు నల్లబంతులు, ఒక ఎర్రబంతి



ఇప్పపువ్వు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే లేచి, బుట్ట పట్టుకుని చెట్టు కిందికి వెళ్లేది మీరు. ఏరేది మీరు, ఎండబెట్టేది మీరు, సంతకు మోసుకెళ్లేది మీరు. మన బస్తర్‌లో గొల్లపల్లి, కిష్టారం, మరాయిగూడెం, అటు కొంటా దాకా ఇప్పచెట్టు లేని ఊరుండదు. ఆ పువ్వులో తీపి ఉందని మీకు తెలుసు. నానబెట్టి పులియబెడితే ఆ తీపి మత్తుగా మారుతుందనీ తెలుసు. మరి ఆ మత్తు ఎలా ఉంటుంది? రుచి అడగడం లేదు, రూపం అడుగుతున్నాను. ఒక్క చుక్క తీసుకుని చిన్నది చేసుకుంటూ, చేసుకుంటూ పోతే, చివరికి సారా సారాగానే ఉండే అతిచిన్న ముక్క ఒకటి మిగులుతుంది. ఆ ముక్క ఏ ఆకారంలో ఉంటుంది?

దాన్ని ఇవాళ చూడొచ్చు. చూడటమే కాదు, వేలితో తిప్పొచ్చు. విప్పొచ్చు. మళ్లీ కట్టొచ్చు. ఇంట్లో ఉన్న మామూలు టచ్ ఫోన్ చాలు. రసాయన శాస్త్రం నేర్పే ఆ యాప్‌ల గురించే ఈ ప్రసంగం. చదువుకునే పిల్లలు వినాలి. వాళ్ల అమ్మానాన్నలు కూడా వినాలి. ఎందుకంటే ఫోను ఉండేది వాళ్ల దగ్గరే కదా!

ముందు ఆ సారా చుక్క సంగతి చూద్దాం. అందులో మత్తెక్కించే పదార్థం పేరు ఇథనాల్. దాని అతిచిన్న ముక్కను అణువు అంటాం. ఆ అణువు ఇంకా చిన్నవాటితో కట్టి ఉంటుంది. వాటిని పరమాణువులు అంటాం. యాప్‌లో వీటిని బంతులుగా చూపిస్తారు. కార్బన్ నల్లబంతి. ఆక్సిజన్ ఎర్రబంతి. హైడ్రోజన్ చిన్న తెల్లబంతి. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది. మళ్లీ చెబుతాను. కార్బన్ నలుపు, ఆక్సిజన్ ఎరుపు, హైడ్రోజన్ తెలుపు.

రెండు నల్లబంతులు పక్కపక్కన పెట్టండి. వాటిలో ఒకదానికి ఎర్రబంతి తగిలించండి. మిగిలిన ఖాళీల్లో ఆరు తెల్లబంతులు నింపండి. అదే ఇథనాల్. రెండు నల్లవి, ఒక ఎర్రది, ఆరు తెల్లవి.

ఇప్పుడు ఒక నల్లబంతిని తీసేయండి. దానితోపాటు రెండు తెల్లబంతులు పోతాయి. ఒక నల్లది, ఒక ఎర్రది, నాలుగు తెల్లవి మిగిలాయి. దీని పేరు మిథనాల్. కల్తీసారా తాగి చూపు పోయిందని, ప్రాణాలు పోయాయని అప్పుడప్పుడు వార్తల్లో వింటాం. ఆ కల్తీ చాలాసార్లు ఇదే. ఫ్యాక్టరీల్లో వాడే రసాయనం. డబ్బుకు ఆశపడి సారాలో కలుపుతారు. చూస్తే తేడా తెలియదు, రెండింటికీ రంగు లేదు. లోపలికి వెళ్లాక మన కాలేయం మిథనాల్‌ను ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఒక్క నల్లబంతి తేడా. ఒకటి మత్తు, ఇంకోటి మృత్యువు.

ఇంకో విచిత్రం చూడండి. మళ్లీ ఇథనాల్ దగ్గరికి వద్దాం. ఈసారి ఒక్క బంతి కూడా తీయొద్దు, ఒక్కటీ చేర్చొద్దు. ఎర్రబంతిని చివరి నుంచి తీసుకొచ్చి రెండు నల్లబంతుల మధ్యలో పెట్టండి. అంతే. ద్రవం కాస్తా వాయువైపోతుంది. దాని పేరు డైమిథైల్ ఈథర్. చలికాలంలో కూడా అది సీసాలో ద్రవంగా నిలవదు, ఎగిరిపోతుంది. అవే తొమ్మిది బంతులు. మారింది అమరిక ఒక్కటే.

పిల్లలూ, రసాయన శాస్త్రంలో అమరికదే పెత్తనం. ఈ ఒక్క మాట మనసుకు పడితే సగం పాఠం వచ్చేసినట్టే. కానీ మన బళ్లలో ఈ మాట ఎలా వస్తుంది? నల్లబల్లమీద నాలుగు అక్షరాలు, పక్కన చిన్న అంకెలు, మధ్యలో గీతలు. వాటిని చూసి రాసుకోవడం, రాసుకున్నది బట్టీ పట్టడం. లోతు, ఎత్తు, వంపు ఏవీ ఆ గీతల్లో కనిపించవు. అణువు బల్లపరుపుగా ఉండదు. నాలుగు దిక్కులకూ, పైకీ కిందికీ చాచుకుని ఉంటుంది. దాన్ని కాగితంమీద అణగ్గొట్టి చూపించి, అర్థం కాలేదా అని పిల్లవాణ్ణి కసురుకుంటాం. తప్పు పిల్లవాడిది కాదు.

అందుకే ఈ యాప్‌ల గురించి ఇంత ఇదిగా చెబుతున్నాను. ఇలాంటివి చాలా ఉన్నాయి. అన్నిటికన్నా ముందు చెప్పదగింది ఫెట్. రెండక్షరాలు, ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో తయారైంది. కార్ల్ వీమన్ అనే భౌతిక శాస్త్రవేత్తకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాదే, 2002లో, ఆయన ఈ పని మొదలుపెట్టారు. అంతటి బహుమతి అందుకున్న మనిషి, పిల్లలకు పాఠం ఎలా బోధపడుతుందన్నదాన్ని కూడా పరిశోధనలాగే చేపట్టారు. నాకు ఆయనమీద గౌరవం కలిగింది అక్కడే.

ఫెట్‌లో అణువును కట్టే ఆట ఒకటుంది. తెరమీద బుట్టలుంటాయి. ఒక బుట్టలో తెల్లబంతులు, ఒకదానిలో ఎర్రవి, ఒకదానిలో నల్లవి. వేలితో లాగి ఒకదాని పక్కన ఒకటి పెడితే అతుక్కుంటాయి. రెండు తెల్లవి, ఒక ఎర్రది కలిస్తే నీరు. కుదిరే అమరిక తయారవగానే పేరు చూపిస్తుంది. ఒక మీట నొక్కితే అదే అణువు నిండు రూపంలో తిరుగుతూ కనిపిస్తుంది.

ఇంకో ఆట అణువుల ఆకారాల గురించి. మధ్యలో ఒక పరమాణువు. దానికి మీరు ఒక్కో బంధం చేర్చుతూ పోతారు. చేర్చినప్పుడల్లా అవి ఒకదాన్నొకటి నెట్టుకుని, వీలైనంత దూరంగా సర్దుకుంటాయి. నీటి అణువు తిన్నగా ఎందుకు లేదు, ఎందుకు వంగి ఉంది అన్న ప్రశ్నకు జవాబు అక్కడ కళ్లముందే జరుగుతుంది. ఆక్సిజన్ దగ్గర ఎవరికీ పంచని ఎలక్ట్రాన్ జంటలు రెండున్నాయి. అవి రెండు హైడ్రోజన్లనూ ఒక పక్కకు నెడతాయి. అందుకే వంపు. ఆ వంపు ఉండబట్టే నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పట్టుకోబట్టే శబరి నది పారుతోంది. ఆ వంపే లేకపోతే, మన ఊళ్లో ఉండే వేడికి నీరు నీరుగా నిలిచేది కాదు, ఆవిరై పోయేది.

వినేవాళ్లకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఇవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కదా, మా పిల్లలకెలా అని. ఇంట్లో కోయమాట, సంతలో తెలుగు, బడిలో హిందీ. ఇంగ్లీషు పుస్తకంలో తప్ప ఎక్కడా కనబడదు. మంచి సందేహం. ఫెట్‌ను ప్రపంచంలో ఎంతోమంది స్వచ్ఛందంగా తమ తమ భాషల్లోకి తెచ్చారు. హిందీలో ఉంది, తెలుగులోనూ కొన్ని వచ్చాయి. ఒకే ఆటను ముందు తెలుగులో ఆడి, తర్వాత హిందీలో తెరిచి, బడి పుస్తకంలో మాటతో సరిపోల్చుకోవచ్చు. పైగా ఈ ఆటల్లో మాటలు తక్కువ. బంతిని లాగడానికి ఏ భాషా అడ్డు రాదు. పక్కన కూర్చున్న అక్క కోయమాటలో చెప్పినా పాఠం నడుస్తుంది. ఆ మాటకొస్తే, కోయమాటలో చెబితేనే బాగా నడుస్తుంది.

రెండో సందేహం సిగ్నల్. అడవిలో ఒక గట్టుమీద దొరుకుతుంది, ఇంకో గట్టుమీద దొరకదు. దీనికీ దారి ఉంది. ఫెట్ ఆటలు ఒక్కొక్కటి ఒక్కో ఫైలు. నెట్ ఉన్నచోట ఒకసారి దింపుకుంటే, తర్వాత నెట్ లేకుండానే నడుస్తాయి. కొంటా వెళ్లినప్పుడో, చర్ల, భద్రాచలం వెళ్లినప్పుడో దింపుకోండి. డబ్బు కట్టక్కర్లేదు. ఊరికొచ్చాక ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాటలు పంపుకుంటామే, అలాగే పంపుకోవచ్చు. మళ్లీ చెబుతున్నాను, ఇది ముఖ్యం. ఒకసారి దింపుకుంటే చాలు. ఆ తర్వాత నెట్ అక్కర్లేదు.

హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో, పోటా కేబిన్ బళ్లలో పనిచేసే సార్లకు, మేడమ్‌లకు ఇంకో మాట. కొలిబ్రి అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంటర్నెట్ లేని బళ్ల కోసమే చేసింది. పాత ల్యాప్‌టాప్ ఒకదానిలో పాఠాలు నింపి పెడితే, ఆ గదిలో ఉన్న ఫోన్లన్నిటికీ బయటి నెట్ లేకుండానే అవి అందుతాయి. ఫెట్ ఆటలు అందులోనూ ఉన్నాయి. పెద్ద తరగతులకైతే మన దేశంలోనే అమృత విశ్వవిద్యాపీఠం, ముంబయి సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ ఉంది. 9 నుంచి 12 దాకా ప్రయోగాలు, హిందీలో కూడా. ప్రయోగశాల లేని బడికి అది కొంత ఆసరా.

యాప్ అనగానే ఇదేదో నిన్నమొన్నటి ముచ్చట అనుకోవద్దు. బంతులతో అణువులు కట్టడం నూటయాభై ఏళ్లు దాటిన పద్ధతి. 1865లో లండన్‌లో హాఫ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఉపన్యాసం ఇస్తూ, క్రోకే అనే ఆటలో వాడే చెక్కబంతులు తెచ్చి, వాటికి రంగులేసి, పుల్లలతో గుచ్చి చూపించాడు. కార్బన్‌కు నలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు తెలుపు, నైట్రోజన్‌కు నీలం. ఆయన ఆ రోజు వేసిన రంగులే ఇవాళ మన ఫోన్‌లో కనిపిస్తున్నాయి.

కానీ హాఫ్‌మన్ కట్టిన బొమ్మలు బల్లపరుపుగా ఉండేవి. 1874లో వాన్ట్ హాఫ్ అనే డచ్చి కుర్రవాడు, అప్పటికి 22 ఏళ్లు, కార్బన్ చేతులు నాలుగు మూలలకూ చాచుకుని ఉంటాయన్నాడు. అట్టముక్కలు కత్తిరించి, మడిచి, రంగులేసి, చిన్న చిన్న బొమ్మలు చేశాడు. కోల్బే అనే పెద్ద శాస్త్రవేత్త మండిపడ్డాడు. పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పుకునేవాడికి ఈ ఊహలెందుకని పత్రికలో ఎగతాళి చేశాడు. కాలం ఆ కుర్రవాడి పక్షాన నిలిచింది. 1901లో రసాయన శాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి వాన్ట్ హాఫ్‌కే వచ్చింది. ఆ అట్టబొమ్మలు కొన్ని హాలెండ్‌లోని లైడెన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

ఇలాంటిదే ఇంకో కథ. 1948లో లైనస్ పాలింగ్ అనే శాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో జలుబు చేసి మంచంమీద ఉన్నాడు. ఊసుపోక కాగితంమీద ప్రోటీన్ గొలుసు గీసి, దాన్ని మడుస్తూ కూర్చున్నాడు. మడతలు కుదిరేసరికి అది మెలికలు తిరిగిన చుట్టుగా తేలింది. మన జుట్టులో, గోళ్లలో ఉండే ప్రోటీన్ రూపం అలా దొరికింది. మంచం, కాగితం, పెన్సిలు, రెండు చేతులు. అంతకన్నా ఏమీ లేవు ఆయన దగ్గర. చేత్తో తిప్పి చూస్తే బుర్రకు తోచే సంగతులు వేరుగా ఉంటాయి. గొల్లపల్లి పిల్లకైనా, నోబెల్ శాస్త్రవేత్తకైనా అంతే.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. మలేరియా తెలియని ఇల్లు మన బస్తర్‌లో ఉందా? 2020లో మలేరియా ముక్త బస్తర్ అని సర్కారు ఊరూరా తిరిగి రక్తపరీక్షలు చేయించింది. ఆ జ్వరానికిచ్చే మందుల్లో ముఖ్యమైనది ఆర్టిమిసినిన్ నుంచి వచ్చినది. ఆర్టిసునేట్ అంటారు. ఆర్టిమిసినిన్ ఒక మొక్కలోంచి తీసింది. చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నారు. ఆ మొక్కను మామూలుగా మరగబెట్టి కషాయం తీస్తే గుణం సరిగా కనిపించలేదు. అప్పుడామె పాత వైద్య గ్రంథాలు తిరగేశారు. పదహారు వందల ఏళ్ల నాటి ఒక పుస్తకంలో, మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమని రాసి ఉంది. మరగబెట్టమని లేదు. ఆమెకు తట్టింది, వేడే మందును పాడుచేస్తోందేమోనని. తక్కువ వేడిలో మరిగే మరో రకం ఈథర్‌తో తీసి చూశారు. మందు పనిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

ఆ మందు ఎక్కువ వేడికి ఎందుకు పాడవుతుంది? ఇది మాటల్లో చెబితే నమ్మాలి. అణువును తిప్పి చూస్తే కనిపిస్తుంది. పబ్‌కెమ్ అని ఒక పెద్ద భాండాగారం నెట్‌లో ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2004 నుంచి ఉచితంగా నడుపుతోంది. దీనికి మాత్రం నెట్ కావాలి. అందులో ఆర్టిమిసినిన్ అని వెతికి, నిండు రూపం తెరిచి, మెల్లగా తిప్పండి. ఐదు ఎర్రబంతులుంటాయి. వాటిలో రెండు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రెండు ఎర్రబంతులు జంటగా. అది చాలా బలహీనమైన బంధం. ఆక్సిజన్‌కు ఆక్సిజన్ తోడు నిలకడగా ఉండదు, ఎక్కువ వేడి తగిలితే తెగుతుంది.

ఆ బలహీనతే మన ప్రాణం కాపాడుతోంది. మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో దూరి, అందులోని హిమోగ్లోబిన్‌ను తింటుంది. హిమోగ్లోబిన్‌లో ఇనుముంది. తిన్నప్పుడు ఆ ఇనుము బయటపడుతుంది. మందు అక్కడికి చేరగానే, ఇనుము ఆ రెండు ఎర్రబంతుల జంటను తెంపేస్తుంది. తెగిన ముక్కలు ఊరుకోవు, దొరికినదాన్నల్లా పొడిచేస్తాయి. క్రిమి చస్తుంది. మందు పనంతా ఆ జంట దగ్గరే ఉంది. మాత్ర ఇచ్చినప్పుడు మధ్యలో మానేయకుండా పూర్తిగా వేసుకోవాలని మన ఆరోగ్య కార్యకర్త మితానిన్ దీదీ చెబుతుంది. లోపల ఏం జరుగుతోందో ఒకసారి చూసిన పిల్లకు ఆ మాట ఇంకాస్త గట్టిగా పడుతుందని నా నమ్మకం.

హిమోగ్లోబిన్ పేరు వచ్చింది కాబట్టి సికిల్ సెల్ సంగతి చెప్పాలి. ఇది మన ప్రాంతంలో కుటుంబాలను పట్టి పీడిస్తున్న జబ్బు. ఎముకల్లో నొప్పులు, రక్తం తగ్గడం, పిల్లలు మాటిమాటికీ మంచాన పడటం. 2023 జులై 1న కేంద్రం దీన్ని రూపుమాపడానికి దేశమంతా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ జబ్బుకు కారణం ఏ దోషమూ కాదు, ఎవరి శాపమూ కాదు. ఒక అణువులో చిన్న మార్పు.

హిమోగ్లోబిన్ పెద్ద అణువు. నాలుగు గొలుసులు. ఆ గొలుసుల్లో అమైనో ఆమ్లాలనే కడియాలు మొత్తం 574 ఉంటాయి. నాలుగింటిలో రెండు గొలుసుల్లో, ఆరో స్థానంలో, ఒకటి ఉండాల్సినచోట ఇంకొకటి పడింది. అంతే తేడా. కొత్తగా పడినదానికి నీళ్లంటే గిట్టదు. అందుకని రక్తకణం ఆక్సిజన్‌ను దించేసిన తర్వాత, అది పల్లేరుకాయ బట్టకు అంటుకున్నట్టు పక్క హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. అది ఇంకోదానికి, ఇంకోటి మరోదానికి. పొడవాటి కడ్డీలు తయారై, గుండ్రంగా ఉండే కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. నొప్పి అక్కడ పుడుతుంది.

1949లో పాలింగ్ బృందం ఇది అణువులోనే ఉన్న జబ్బని మొదటిసారి తేల్చింది. కాగితం మడిచాడని చెప్పానే, ఆ పాలింగే. తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త ఆ మార్పు ఎక్కడుందో కనిపెట్టాడు. ఇప్పుడు ఆ అంటుకున్న తీరును మీరే చూడొచ్చు. ప్రోటీన్ డేటా బ్యాంక్ అని ఒక భాండాగారం ఉంది. 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. ఇవాళ రెండు లక్షలు దాటాయి. అందరికీ ఉచితం. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కాగితం తీసుకుని ఈ గుర్తు రాసుకోండి. 2 హెచ్ బీ ఎస్. మళ్లీ చెబుతాను. అంకె 2, తర్వాత హెచ్, బీ, ఎస్. అది కొట్టి వెతికితే, సికిల్ సెల్ హిమోగ్లోబిన్లు రెండు ఒకదానికొకటి తగులుకుని ఉన్న బొమ్మ వస్తుంది. వేళ్లతో దగ్గరికి లాగి, అవి ఎక్కడ తగులుకున్నాయో చూడండి. హిమోగ్లోబిన్ రూపాన్ని మొదటిసారి గీయడానికి మాక్స్ పెరూట్జ్ అనే శాస్త్రవేత్త ఇరవై ఏళ్లకు పైగా కష్టపడ్డాడు. మీకది ఒక్క వెతుకులాటలో దొరుకుతుంది.

ఇంకొక్క అణువు. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో అది రాకుండా ఏటా ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగిస్తారు. ఆ మందు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో పుట్టింది. అప్పుడు అక్కడ పరిశోధన నడిపించింది మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మందు వెలుగు చూసిన మరుసటి ఏడాది, 1948లోనే కన్నుమూశారు. పబ్‌కెమ్‌లో ఆ అణువు తెరిస్తే మూడు నీలంబంతులు, ఒక ఎర్రబంతి కనిపిస్తాయి. మింగే ముందు దాన్ని ఒకసారి పిల్లలకు చూపించండి. ఎవరు కట్టారో కూడా చెప్పండి.

ఇంత మెచ్చుకున్నాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తెరమీద కనిపించేది నమూనా. నిజంగా కార్బన్ నల్లగా ఉండదు, ఆక్సిజన్ ఎర్రగా ఉండదు. పరమాణువుల మధ్య పుల్లలుండవు. బొమ్మ కదలకుండా నిలబడుతుంది గానీ, అసలు అణువు క్షణం కూడా నిలవదు, కంపిస్తూనే ఉంటుంది. ఈ మాట పిల్లలకు మొదటే చెప్పాలి. లేకపోతే బొమ్మనే నిజమనుకుంటారు.

రెండోది, ఫోన్ చేతికిచ్చి వదిలేస్తే పాఠం రాదు. బంతులు లాగుతారు, నవ్వుకుంటారు, ఐదు నిమిషాల్లో ఇంకో ఆటకు పోతారు. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఎక్కువ తెలిసినవాళ్లే ఉండాలని లేదు. ప్రశ్న అడిగితే చాలు. వేలు పెట్టకముందే అడగండి, ఈ బంతి ఇక్కడ పెడితే ఏమవుతుంది అని. ముందు జవాబు చెప్పించండి. తర్వాత చేయించండి. అనుకున్నది కాకపోతే, ఎందుకు కాలేదో మళ్లీ అడగండి. ఒక ఫోన్‌కు నలుగురు పిల్లలున్నా మంచిదే. నా అభిప్రాయంలో నలుగురుంటేనే మేలు. వాదించుకుంటారు.

మూడోది, చేతిపని మానొద్దు. మనకు చిల్లగింజలు తెలుసు. బురదనీటి కుండలో లోపలివైపు చిల్లగింజ అరగదీస్తే నీళ్లు తేరుకుంటాయి. పెద్దవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. రెండు గాజుగ్లాసుల్లో ఒకేరకం బురదనీళ్లు పోయండి. ఒకదానిలో గింజ అరగదీసి కలపండి. ఇంకోదాన్ని వదిలేయండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, ఏది ముందు తేరుకుంటుందో చూడమనండి. గింజలోని పొడవాటి అణువులు సన్నటి మట్టిరేణువుల్ని ఒకచోటికి చేర్చి పట్టుకుంటాయి. బరువెక్కి అవి అడుక్కి చేరతాయి. అది చూశాక ఫోన్ తీయండి. పొడవాటి అణువు ఎలా ఉంటుందో అప్పుడు చూపించండి. ముందు గ్లాసు, తర్వాత ఫోను. ఈ వరస తిరగబడకూడదు. అన్నట్టు, తేరిన నీళ్లలో మట్టి పోతుంది గానీ సూక్ష్మక్రిములు పోవు. తాగాలంటే మరగబెట్టాల్సిందే.

మన పిల్లల్లో చాలామంది పది తర్వాత సైన్సు జోలికి పోవడం లేదు. ప్రయోగశాల చూడకుండానే పది గట్టెక్కినవాళ్లకు సైన్సు మాది అనిపించడం కష్టం. ఫోను ప్రయోగశాల కాదు. బడికి ప్రయోగశాల కావాలి, దాన్ని మనం అడుగుతూనే ఉండాలి. కానీ అది వచ్చేదాకా ఈ ఏడాది చదివే పిల్ల ఆగలేదు కదా! ఆమె పరీక్ష ఈ ఏడాదే.

కాబట్టి సంతకు వెళ్లే అన్నలకు, అక్కలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి కొంటాకో, భద్రాచలానికో వెళ్లినప్పుడు, ఫోన్‌లో నెట్ ఉన్న పది నిమిషాలు పిల్లల కోసం కేటాయించండి. ఫెట్ అని వెతకండి. అణువును కట్టే ఆట, అణువుల ఆకారాల ఆట, ఈ రెండూ దింపుకోండి. రాత్రి ఇంటికొచ్చాక ఫోన్ పిల్లల చేతికివ్వండి. పక్కన కూర్చుని, రెండు నల్లబంతులు, ఒక ఎర్రబంతి, ఆరు తెల్లబంతులు పెట్టమనండి. ఏమొచ్చిందో వాళ్లనే చెప్పమనండి.